ముందున్న బండి ఎక్కమ్మా

1999 జనవరి. బెర్లిన్‌లో నేను అద్దెకున్న ఇంటి మెట్ల దగ్గర రెండు సూట్‌కేసులు పెట్టుకుని నిలబడ్డాను. తెల్లవారుజామున ఐదు కావస్తోంది, బయట మంచు కురుస్తోంది. ఉద్యోగానికి వెళ్లాక మొదటిసారి సెలవు మీద ఇంటికొస్తున్నాను. అలికిడికి కింద వాటాలో ఉండే ఇంటావిడ తలుపు తీశారు. అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్లు ఆవిడకి. స్వెటరు మీద శాలువా కప్పుకుని వచ్చి, "డ్రోష్కె పిలవమంటారా?" అని అడిగారు.

ఆ మాట నేనెప్పుడూ వినలేదు. జర్మన్ క్లాసులో టాక్సీని టాక్సీ అనే నేర్పారు. ఫ్లైట్ టెన్షన్‌లో ఉన్నాను కాబట్టి, ఏదో ఒక బండి వస్తే చాలనుకుని సరేనన్నాను. ఆవిడ ఫోన్ చేసిన పది నిమిషాలకి వెన్నరంగు మెర్సిడెస్ టాక్సీ వచ్చి ఆగింది. సామాను ఎక్కిస్తుంటే ఆవిడ గుమ్మంలోంచే చెప్పారు: "డ్రోష్కె అంటే అద్దె గుర్రబ్బండి. మా నాన్న టాక్సీని కూడా అలాగే అనేవారు. నాకూ అదే అలవాటు."

ఎయిర్‌పోర్ట్ దాకా నేను మంచు చూడలేదు, బెర్లిన్ చూడలేదు. తెనాలి స్టేషన్ బయట నిలబడి ఉన్న జట్కాలే కళ్ల ముందు తిరిగాయి.

మా అమ్మమ్మగారిది అంగలకుదురు. మేం నెల్లూరులో ఉండేవాళ్లం. ఎండాకాలం సెలవులివ్వగానే రైలెక్కి తెనాలిలో దిగడం, అక్కణ్ణుంచి జట్కాలో ఊరికి వెళ్లడం. 1975 నుంచి ఎనిమిదేళ్ల పాటు ఏ వేసవీ తప్పలేదు. స్టేషన్ బయట చెట్ల నీడన జట్కాలు వరసగా నిలబడి ఉండేవి. గుర్రాల మూతులకి గడ్డి సంచులు, కళ్లకి గంతలు. దగ్గరికి వెళ్లేసరికి ఉలవల వాసన, లద్దె వాసన, ఎండుగడ్డి వాసన కలిసి వచ్చేవి. ఆ వాసన తగిలిందంటే సెలవులు మొదలైనట్టే.

ఆ వరసలో మాకు తెలిసిన సాయిబు ఒకాయన ఉండేవాడు. మా అమ్మ చిన్నప్పుడు ఆ బండిలోనే తెనాలి బడికి వెళ్లేదట. అందుకని అమ్మ ఆయన్ని "బాబాయ్" అనేది, మేం జట్కా తాత అనేవాళ్లం. ఆయన మా అమ్మని చూడగానే "ఏవమ్మాయ్, ఇప్పుడేనా రావడం? అల్లుడుగారు రాలేదా?" అని పలకరించి, నన్ను చంకలో చేతులు పెట్టి ఎత్తి బండిలో కూర్చోబెట్టేవాడు. ఆయన గుర్రం పేరు రాణి. తెల్లది. నుదుటి మీద మాత్రం బూడిద రంగు మచ్చ.

జట్కా ఎక్కనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. దానికి రెండే చక్రాలు. బరువంతా సరిగ్గా ఇరుసు మీద పడాలి. ముందుకి ఎక్కువైతే నొగలు, అంటే గుర్రానికి రెండు పక్కలా ఉండే పొడవాటి కర్రలు, గుర్రం వీపు మీద దిగబడతాయి, వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేచి గుర్రం కడుపు కింది పటకా బిగుసుకుంటుంది. అందుకే అందరం ఎక్కాక జట్కా తాత బండి పక్కన నిలబడి, నొగ మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. "అమ్మాయ్, నువ్వు కాస్త ముందుకి జరుగు. బుడ్డోడా, నువ్వు వెనక్కిరా. ఆఁ... ఇంకొంచెం. చాలు." అరచేతిలోనే తక్కెడ ఉన్నట్టు ఎప్పుడూ ఒక్కసారికే తేల్చేసేవాడు. అప్పుడు నొగ మీదకి ఎగిరి కూర్చుని పగ్గాలు అందుకునేవాడు.

బండి అడుగున మందంగా ఎండుగడ్డి, దాని మీద గోనెపట్టా. అందరం మఠం వేసుకుని కూర్చోవడమే. గడ్డి పరకలు గోనెలోంచి పొడుచుకొచ్చి పిక్కల మీద గుచ్చుకునేవి. బజారులో జనం అడ్డమొస్తే తాత అరిచేవాడు కాదు. చెర్నాకోల తిరగేసి కర్రని చక్రం ఆకుల మధ్య, అంటే చక్రంలోని అడ్డకర్రల మధ్య, పెట్టేవాడు. టకటకటకటక... ఆ చప్పుడుకి సైకిళ్లవాళ్లూ గంపలవాళ్లూ పక్కకి తప్పుకునేవాళ్లు. ఆ కర్ర నాకొకసారి ఇవ్వమని ప్రతి ఏడూ అడిగేవాణ్ణి. ఒకే ఒక్కసారి ఇచ్చాడు. రెండు ఆకులు తగిలేసరికి చేతిలోంచి ఎగిరిపోయింది. తాత బండి ఆపి, దిగి వెళ్లి కర్ర తెచ్చుకున్నాడు గానీ నన్ను ఒక్క మాట అనలేదు.

సెలవు అయిపోయి మళ్లీ బెర్లిన్ వెళ్లాక, అమ్మ పెట్టిచ్చిన సున్నుండలు తీసుకుని ఇంటావిడ దగ్గరికి వెళ్లాను. కాఫీ పెట్టారు. "మీ భాషలో డ్రోష్కెని ఏమంటారు?" అని అడిగారు. జట్కా అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను. "యట్కా" అని చదివారు. జర్మన్‌లో ఆ మొదటి అక్షరాన్ని 'య' అనే పలుకుతారు. నేను సరిదిద్దాను గానీ, ఆ తర్వాత కూడా ఆవిడకి అది యట్కాయే. ఆ సాయంత్రం నుంచి మా ఇద్దరికీ ఇదొక వ్యవహారంలా అయిపోయింది. ఆవిడ ఒక మాట చెప్పడం, నేను దాని పుట్టుపూర్వోత్తరాలు లైబ్రరీలో వెతికి తీసుకురావడం.

డ్రోష్కె అసలు జర్మన్ మాట కాదు, రష్యన్. అక్కడి తేలికపాటి గుర్రబ్బండి పేరు ద్రోష్కి. అది బెర్లిన్ వచ్చి అద్దెబండి అయింది. మోటారు కార్లు వచ్చాక జర్మన్లు ఆ మాటని తీసెయ్యలేదు, దానికి ముందు 'క్రాఫ్ట్' అని తగిలించారు. క్రాఫ్ట్ అంటే బలం. గుర్రం పోయి ఇంజన్ వచ్చింది కాబట్టి క్రాఫ్ట్‌డ్రోష్కె. ప్రభుత్వ కాగితాల్లో టాక్సీ పేరు చాలాకాలం అదే. గుర్రం లేకపోయినా గుర్రబ్బండి పేరు మిగిలింది.

అప్పుడే ఆవిడ గుస్తావ్ హార్ట్‌మన్ గురించి చెప్పారు. బెర్లిన్ శివార్లలో వాన్‌సే అనే చోట డ్రోష్కె తోలేవాడాయన. కార్లు వచ్చి గుర్రబ్బళ్ల బేరాలు పడిపోయిన రోజులు. 1928 ఏప్రిల్ 2న, అరవై ఎనిమిదేళ్ల వయసులో, గ్రాస్‌ముస్ అనే తన గుర్రాన్ని కట్టుకుని ప్యారిస్‌కి బయల్దేరాడు. దారి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. జూన్ 4న, తన పుట్టినరోజు నాడు, ప్యారిస్ చేరాడు. ఊరూరా జనం ఎదురొచ్చారు. ఆయనకి 'ఇనుప గుస్తావ్' అని పేరొచ్చింది. తిరిగొచ్చినప్పుడు బెర్లిన్ వీధుల్లో జనం ఇసకేస్తే రాలనంత. ఆ జనంలో మా ఇంటావిడ కూడా ఉన్నారు, ఎనిమిదేళ్ల పిల్ల, వాళ్ల నాన్న భుజాల మీద. "నాకు ఆ ముసలాయన గుర్తులేడు. గుర్రం చెవులు మాత్రం గుర్తున్నాయి. అంత గోలలోనూ ఒక చెవి వెనక్కి తిప్పి పెట్టింది, బండి మీదున్న ఆయన మాట వినడానికి" అన్నారు.

రాణి కూడా అంతే. తాత మాట్లాడుతున్నంతసేపూ ఒక చెవి వెనక్కే. అది చెబితే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

2000లో బెర్లిన్‌లో ఒక వంతెన మీద గుస్తావ్ విగ్రహం పెట్టారు. ఆవిడని తీసుకెళ్లాను. వెళ్లింది టాక్సీలోనే. ఆవిడ లెక్కలో డ్రోష్కెలో.

టాక్సీ అన్న మాట కూడా గుర్రబ్బళ్ల రోజుల్లోనే పుట్టింది. జర్మన్‌లో 'టాక్సె' అంటే రుసుము, ఇంత అని కట్టిన ధర. 1891లో విల్‌హెల్మ్ బ్రూన్ అనే జర్మన్, చక్రం ఎంత తిరిగిందో లెక్కగట్టి కిరాయి చూపించే మీటరు తయారుచేశాడు. దాని పేరు టాక్సామీటర్. ముందు దాన్ని గుర్రబ్బళ్లకే బిగించారు. 1897లో స్టుట్‌గార్ట్‌లో దైమ్లర్ కంపెనీ మీటరు పెట్టిన మోటారు బండిని అద్దెకి తిప్పుకునే ఒకాయనకి అమ్మింది. ఆ మాట ఫ్రెంచి నోట్లో పడి టాక్సీమీటర్ అయింది, 1907లో లండన్‌లో మీటరు తప్పనిసరి చేసేసరికి ఇంగ్లీషులోకి వెళ్లింది, అక్కడ తోక తెగి టాక్సీ అయి మళ్లీ జర్మనీకి తిరిగొచ్చింది. ఒకప్పుడు ఐరోపాలో టపా నడిపిన టుర్న్ ఉంట్ టాక్సిస్ అనే రాజకుటుంబం పేరు మీద టాక్సీ వచ్చిందని జర్మనీలో చాలామంది నమ్ముతారు. మా ఆఫీసులో కూడా చెప్పారు. కాదు. వాళ్ల ఇంటిపేరు ఇటలీలోని తాస్సో అనే వంశం పేరు నుంచి వచ్చింది. రెండు మాటలకీ చుట్టరికం లేదు.

ఇంగ్లీషు వైపు కథ నాకు ఇంకా ఇష్టం. మనందరం రోజూ అనే 'క్యాబ్' ఉంది చూడండి, దాని పూర్తి పేరు కాబ్రియొలె. ఫ్రాన్స్‌లో రెండు చక్రాల తేలికబండి. రోడ్డు మీద మేకపిల్లలా గెంతుతుందని ఆ పేరు. ఇటాలియన్‌లో 'కాప్రా' అంటే మేక. ఇది చదివిన రోజున లైబ్రరీలో కుర్చీలోంచి లేచి నిలబడిపోయాను. ఎందుకంటే మన జట్కా కూడా 'ఝట్కా' నుంచి వచ్చిందని పెద్దవాళ్లు చెబుతారు. ఝట్కా అంటే కుదుపు. ఫ్రాన్స్‌లో కుదుపు చూసి మేకపిల్ల అన్నారు, దక్కనులో కుదుపుని కుదుపనే అన్నారు. అంగలకుదురు రోడ్డు మీద నడుం విరిగినవాణ్ణి కాబట్టి ఆ పేరు ఎంత సరైనదో నాకు బాగా తెలుసు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా మేనకోడలు ఫోన్లో "క్యాబ్ బుక్ చేశా మావయ్యా" అంటే నాకు రెండు చక్రాల బండే కనిపిస్తుంది.

హాన్సమ్ అని ఇంకొక క్యాబ్ ఉండేది. దాన్ని 1834లో పేటెంట్ చేసినవాడు జోసెఫ్ హాన్సమ్, భవనాలు కట్టే ఆర్కిటెక్ట్. తోలేవాడు బండికి వెనక, పైన ఎత్తుగా కూర్చుంటాడు. పగ్గాలు ఎక్కినవాళ్ల తలల మీదుగా గుర్రం దాకా వెళ్తాయి. ఎక్కినవాళ్లు ఏమైనా చెప్పాలంటే పైకప్పులో చిన్న తలుపు తెరిచి చెప్పాలి. జట్కా తాత అలాంటి బండి తోలి ఉంటే మాకు ఆయన కబుర్లు ఉండేవే కావు.

అన్నిటికంటే పాత మాట హాక్నీ. లండన్ దగ్గర హాక్నీ అనే ఊరి పచ్చికబయళ్లలో మేసిన గుర్రాల వల్ల ఆ పేరొచ్చిందని ఎక్కువమంది అనుకునేది. మధ్యయుగాల్లో హాక్నీ అంటే యుద్ధానికీ దున్నడానికీ కాకుండా, మామూలుగా ఎక్కి తిరిగే గుర్రం, నెమ్మదిగా ఊపు లేకుండా నడిచేది. అలాంటివాటినే అద్దెకిచ్చేవాళ్లు కాబట్టి పోనుపోను హాక్నీ అంటేనే అద్దెగుర్రం అయింది, తర్వాత అద్దెబండి అయింది. 1654 నాటికే లండన్‌లో హాక్నీ బళ్లవాళ్లకి చట్టం ఉంది. ఎవరు పడితే వాళ్లు ఎక్కిన గుర్రం అరిగిపోతుంది. అందుకని ఇంగ్లీషులో అరిగిపోయిన మాటని 'హాక్నీడ్' అంటారు. డబ్బుకి ఏది రాయమంటే అది రాసేవాణ్ణి 'హాక్' అంటారు.

ఇది చెబితే ఇంటావిడ "మాకూ అలాంటిదుంది, అబ్‌గెడ్రోషెన్" అన్నారు. చెవికి డ్రోష్కెలాగే ఉంది కదా, ఇద్దరం సంబరపడిపోయాం. నిఘంటువు తీసి చూస్తే అది నూర్పిడికి సంబంధించిన మాట. గింజలన్నీ రాలిపోయేదాకా నూర్చేసిన గడ్డి. ఇంగ్లీషువాళ్లకి అరిగిపోయిన మాట అలిసిన గుర్రం, జర్మన్లకి వట్టి గడ్డి. ఆ రెండూ నేను ఒకే చోట చూశాను, తెనాలి స్టేషన్ బయట.

ఒకసారి వియన్నా వెళ్లాను. అక్కడ ఇప్పటికీ గుర్రబ్బళ్లున్నాయి, పేరు ఫియాకర్. ప్యారిస్‌లో సెయింట్ ఫియాకర్ బొమ్మ ఉన్న ఒక సత్రం దగ్గర 17వ శతాబ్దంలో అద్దెబళ్లు నిలబడేవి, ఆ సాధువు పేరే బళ్లకి అతుక్కుపోయింది. వియన్నాలో బండీ ఫియాకరే, తోలేవాడూ ఫియాకరే. మనం "ఏయ్ జట్కా!" అని పిలిస్తే మనిషే తలతిప్పేవాడు చూడండి, అలాగ. ఒంటి గుర్రం బండిని ఐన్‌ష్పెన్నర్ అంటారు. ఆ పేరుతో కాఫీ కూడా ఉంది, గాజు గ్లాసులో నల్ల కాఫీ, పైన మందంగా మీగడ. ఒక చేతిలో పగ్గాలు పట్టుకుని ఇంకో చేత్తో తాగడానికి, మీగడ కింద కాఫీ వేడిగా ఉండటానికి అలా చేసేవాళ్లట. అక్కడ కూర్చుని ఆ కాఫీ తాగుతూ జట్కా తాత టీ గుర్తు చేసుకున్నాను. సాసర్లో పోసుకుని, ఊదుకుని, ఆఖరి గుక్క ముందు బెల్లం ముక్క రాణి నోట్లో పెట్టేవాడు.

2016లో వియన్నాలో ఎండ 35 డిగ్రీలకి చేరితే ఫియాకర్ గుర్రాలకి పని ఆపెయ్యాలని నిబంధన పెట్టారు. పేపర్లో చదివినప్పుడు నాకు గొంతు పట్టుకుంది. మే నెలలో తెనాలిలో 35 అంటే చల్లబడినట్టు లెక్క. మధ్యాహ్నం రైలు దిగినప్పుడు జట్కా తాత తడిపిన గోనెపట్టా రాణి తల మీద వేసి ఉంచేవాడు. తన తలకి మాత్రం ఒక ఎర్ర తువ్వాలు, అంతే.

ఇప్పుడు వరస సంగతి చెప్పాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఏడు, మేం దిగేసరికి జట్కా తాత బండి వరసలో మూడోది. అమ్మ అలవాటుగా తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లింది. ఆయన సామాను ముట్టుకోలేదు. "వరసమ్మాయ్, వరస. ముందున్న బండి ఎక్కమ్మా" అన్నాడు. ముందున్నది ఎముకలు తేలిన ఎర్రగుర్రం, తోలే అతన్ని మేమెప్పుడూ చూడలేదు. నేను ఏడ్చాను. అమ్మ కూడా "అదేవిటి బాబాయ్, మనకీ మనకీ వరసేంటి?" అంది. ఆయన కదల్లేదు. "అతనికి పొద్దుట్నుంచీ బేరం తగల్లేదమ్మా. ఆ గుర్రం కూడా ఉలవలు తినాలిగా" అన్నాడు. దారంతా నేను మొహం ముడుచుకునే కూర్చున్నాను. సాయంత్రం తాత అంగలకుదురు వచ్చాడు, బేరం లేకుండా, ఖాళీ బండితో. నన్ను ఎక్కించుకుని కాలవ గట్టు దాకా తిప్పాడు. అయినా ఆ రోజు ఆయన చేసింది నాకు అర్థం కాలేదు.

అర్థమైంది కేంబ్రిడ్జ్‌లో. మా పెద్దన్నయ్య కొడుకు అక్కడ చదువుతుంటే చూడ్డానికి వెళ్లాను. ఇంగ్లీషువాళ్లు 'హాబ్సన్స్ ఛాయిస్' అంటారు, ఉన్నదొక్కటే, తీసుకుంటే తీసుకో లేకపోతే లేదు అన్న అర్థంలో. ఆ హాబ్సన్ కేంబ్రిడ్జ్‌వాడే. 1631లో చనిపోయాడు. గుర్రాలు అద్దెకిచ్చేవాడు. కుర్రాళ్లందరూ మంచి గుర్రాన్నే అడిగేవాళ్లు, దాని ఒళ్లు హూనమైపోయేది. అందుకని తలుపు దగ్గర ఏ గుర్రముంటే అదే ఎక్కాలని కట్టడి చేశాడు. పనిచేసొచ్చింది వెనక్కి వెళ్తుంది, విశ్రాంతి తీసుకున్నది ముందుకొస్తుంది. వినేవాళ్లకి అది మొండితనంలా ఉంటుంది, నిజానికి గుర్రం మీద దయ. ఆయన పేరు పెట్టిన నీటికాలవ ఇప్పటికీ అక్కడ రోడ్డు పక్కన పారుతోంది. దాని అంచున నిలబడి "ముందున్న బండి ఎక్కమ్మా" అని పైకే అన్నాను. మావాడు కంగారుగా చూశాడు.

అక్కడే ఒక టాక్సీ వెనక పలక మీద హాక్నీ క్యారేజ్ అని రాసి ఉండటం చూశాను. మధ్యయుగాల అద్దెగుర్రం పేరు ఇప్పటి కారు వెనక, లైసెన్సు నంబరుతో సహా. ఆ పేరు మన దాకా కూడా వచ్చింది. 1879లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియాలో హాక్నీ క్యారేజ్ చట్టం చేసింది. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వేరే హాక్నీ క్యారేజ్ చట్టం వచ్చింది. తెనాలి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అంటే చట్టం లెక్కలో జట్కా తాతల బళ్లన్నీ హాక్నీలే. ఆయన ఆ మాట ఎప్పుడైనా విన్నాడో లేదో. తన బండిని "నా బండి" అనే అనేవాడు.

మనం జట్కా అన్న మాటని ఆటోకి ఇవ్వలేదు, జర్మన్లు డ్రోష్కెని కారుకి ఇచ్చినట్టు. ఆ లోటు నాకు చాన్నాళ్లు ఉండేది. కానీ తెలుగువాళ్లు ఇచ్చింది వేరే మాట, బండి. ఎడ్లబండి, గుర్రబ్బండి, రైలుబండి, ఇప్పుడు మోటారు సైకిలూ బండే, కారూ బండే. "బండి తీశావా?" అంటే గేటు ముందు ఏది ఉంటే అది. బేరం కూడా మిగిలింది. తెనాలి ఆటోవాళ్లు ఇప్పటికీ "పొద్దుట్నుంచీ ఒక్క బేరం తగల్లేదండీ" అంటారు.

జట్కా తాత 1983 తర్వాత కనబడలేదు. ఆటోలొచ్చాక రాణిని అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడని అమ్మమ్మ చెప్పింది. బెర్లిన్ ఇంటావిడ 2004లో పోయారు. ఆవిడ రాసిన చివరి కార్డు నా దగ్గరుంది. అందులో కూడా 'యట్కా' అనే ఉంది.

ఇవన్నీ రాసిపెట్టుకుందామని పోయిన వారం అమ్మకి ఫోన్ చేశాను. నొగలు, పటకా, చక్రం ఆకులు, గంతలు అన్నీ ఒక్కొక్కటే అడిగి సరిచూసుకున్నాను. చివర్లో, "అమ్మా, తాత బండి కదిలించేటప్పుడు రాణితో ఏమనేవాడు? ఎంత తలుచుకున్నా ఆ మాట గుర్తు రావట్లేదు" అన్నాను.

"మాట కాదురా అది" అంది అమ్మ. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత ఎనభై ఏళ్ల మా అమ్మ ఫోన్లో, నాలుకని అంగిట్లో ఆనించి, రెండుసార్లు టక్ టక్‌మనిపించింది.